బాలయ్య ఎడమ కాలు

మా చిన్నప్పుడు... పెద్ద యుద్ధం మొదలైన మరుసటి ఏడు, చలికాలంలో ఒక శుక్రవారం సాయంత్రం, మా ఎల్లారెడ్డి బడి జట్టు బాస్కెట్‌బాల్‌లో కామారెడ్డి జట్టు చేతిలో ఒక్క బుట్ట తేడాతో ఓడిపోయింది. ఆట నడుస్తుండగా మా బాపు, అంటే మా నాన్న, ఊరి పటేలు, గీత దాటి మైదానంలోకి వచ్చాడు. అదీ కారణం.

నిజాం కాలం... బళ్లకు సెలవు శుక్రవారం. ఆటలన్నీ ఆ రోజే. మైదానమంటే చదును చేసిన మొరం నేల, సున్నపు గీతలు, రెండు గుంజలకు కమ్మరి బిగించిన ఇనుప రింగులు. అందరం ఉత్త కాళ్లతోనే ఆడేవాళ్లం.

జట్టులో అందరికంటే పొడుగు బాలయ్య. నా ఈడువాడే. మా ఇంట్లో బర్లు కాసే జీతగాడు. డ్రిల్లు సారు అతని ఎత్తు చూసి, బాపును బతిమాలి బడిలో వేయించాడు. ఆటకు పనికొచ్చినన్నాళ్లే బడి... అది బాపు పెట్టిన షరతు.

సారు హైదరాబాదు మనిషి. మాకు మొదట నేర్పిన నియమం ఇది. బంతి పట్టుకుని నిలబడ్డాక ఒక కాలు నేలకు అంటుకుని ఉండాలి. అది పివట్ కాలు. రెండో కాలు ఎటైనా తిప్పుకోవచ్చు. బంతి చేతిలో ఉండగా పివట్ కాలు ఎత్తి వేరే చోట పెడితే ట్రావెలింగ్... బంతి అవతలివాళ్లకు పోతుంది.

"కల్లం నడుమ గుంజ ఉంటది గదా... ఎడ్లు తిరుగుతయి. గుంజ జరుగుతదా?" అనేవాడు సారు.

"జరగదు సారూ!" అని అరిచేవాళ్లం.

ఆ సాయంత్రం రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. ఆట ముగియడానికి వచ్చింది. రింగు దగ్గర, మూల గీత పక్కన బంతి బాలయ్య చేతికి చిక్కింది. ఎడమ కాలు నిలిపి, కుడి కాలు తిప్పుతూ చోటు చూసుకుంటున్నాడు. అప్పుడే బాపు చేతికర్రతో ఆ మూల నుంచి లోపలికి నడిచి వచ్చాడు... తన చేను గట్టు మీద నడిచినట్టు.

బాలయ్య వెనక్కి జరిగాడు. రెండు కాళ్లూ జరిగాయి. తల వంగింది. బంతి మాత్రం రెండు చేతుల మధ్య అలాగే ఉంది, దండం పెడుతున్నట్టు...

ఈల పడింది. వేసింది ఆ ఆటకు తీర్పరిగా ఉన్న మా సారే. బంతి కామారెడ్డికి పోయింది, వాళ్లు బుట్టలో వేశారు.

మా ఊళ్లో పటేలు ఎదురొస్తే జనం పక్కకు జరగాలి, చెప్పులు చేతిలోకి తీసుకోవాలి. బాలయ్య కాళ్లకు నడకతో పాటే వచ్చిన అలవాటు అది. ఆట నియమాల్లో పటేలు కోసం మినహాయింపు లేదు.

"ఏందిరా బాలిగా, కాలు నిలువదా నీకు? బర్రె గూడ నిలుమంటే నిలుస్తది గదరా!" అని బాపు నవ్వాడు. ఊరివాళ్లు నవ్వారు. కామారెడ్డి పిల్లలు నవ్వలేదు. వాళ్లు నా వైపు చూశారు... ముఖం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

"తప్పయింది పటేలా, నీ బాంచెన్" అన్నాడు బాలయ్య.

"తప్పు వానిది గాదు పటేల్ సాబ్..." అన్నాడు సారు.

"మరి ఎవలదయ్యా?"

సారు మాట మార్చాడు. "ఇంకొక్క ఆట చూడుండ్రి. వచ్చే శుక్రారం జుమ్మాకు, కామారెడ్డిల."

"వస్త. గంజి బజార్ల వడ్లమ్మే పని గూడ ఉన్నది. ఆడ గిట్లనే కాలు జరిగిందా... తెల్లారి బర్ల కాడికే."

మరునాడు సారు నన్ను పిలిచి చేతికి ఒక కర్ర ఇచ్చాడు. "మీ బాపు ఎట్ల నడుస్తడో నీకెరుక. గట్లనే బాలయ్య ముందుకు నడువ్. వాడు కాలు తియ్యకుండ నిలవాలె."

మొదటిసారి అందరూ నవ్వారు. బాలయ్య కూడా. కాలు జరగలేదు.

"గట్ల గాదు. మంచిగ జెయ్" అన్నాడు సారు.

రెండోసారి కర్ర నేలకు కొట్టి, "ఒరే బాలిగా!" అన్నాను. గొంతు నాదే... విరుపు, ఆ తర్వాతి చిన్న దగ్గు బాపువి. నాకెవరూ నేర్పలేదు. వెతుక్కోకుండానే వచ్చాయి.

బాలయ్య రెండు కాళ్లూ జరిగాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"మళ్ల" అన్నాడు సారు. రోజూ నడిచాను, రోజూ తిట్టాను. బుధవారం నాటికి ఆ ఎడమ కాలు నిలిచింది. వేళ్లు మొరంలోకి దిగి తెల్లబడ్డాయి.

ఇంటికి వస్తూ అడిగాను, "నా మీద కోపం రాలేదారా?"

"నువ్వు ఉత్తుత్తి పటేలువు గదా!" అని నవ్వాడు. "ఒక్కటి జెయ్ చిన్న పటేలా. మీ బాపును గీత అవుతల కూసుండుమని చెప్పు. లోపలికొస్తే నా కాలు సంగతి నాకెరుక లేదు" అన్నాడు.

ఆ సాయంత్రం బాపు కాళ్లు కడుక్కుంటుండగా చెప్పాను, "ఆట నడిచేటప్పుడు గీత అవుతల కూసోవాలె బాపూ."

"ఎవడన్నడు?"

బాలయ్య పేరు చెబితే అతని చదువు అక్కడితో సరి. సారు పేరు చెబితే ఆయన మరునాటి నుంచి ఊళ్లో ఉండలేడు.

"నేనే అంటున్న."

బాపు చెంబు కింద పెట్టి నన్ను చూశాడు. లోపలికి పోతూ, పొద్దున కచ్చడం బండి కట్టమని కేకేశాడు.

ఇప్పుడు మా వైపు బడుల్లో పిల్లలు ఆడుతుంటే చూస్తాను. ఎవరు వచ్చినా వాళ్ల కాళ్లు వాళ్ల చోటే ఉంటాయి... తొంభై దాటిన నాకు సంతోషం కంటే ముందు సిగ్గు వస్తుంది. మీ ఊళ్లో ఎవరిని చూస్తే కాళ్లు వాటంతటవే పక్కకు జరిగేవి? ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాయండి...

ఇక ఆ వారం సంగతి. గురువారం పొద్దున్నే బాపు కచ్చడంలో, మేము సర్వీసు బస్సులో కామారెడ్డికి బయలుదేరాలి. ఆట శుక్రవారం సాయంత్రం నాలుగింటికి. బాపు గీత అవతల కూర్చుంటాడో లేదో, బాలయ్య కాలు నిలుస్తుందో లేదో అప్పటికి ఎవరికీ తెలియదు.