శనివారం మ్యాచ్, ఖాళీ కడుపులు

ఫుట్‌బాల్ అంటే నాకు పడదు. ఆ మాట ముందే చెప్పేస్తే నాకూ తేలిక, చదివేవాళ్లకూ తేలిక. మదనపల్లెలో మిషన్ కాంపౌండ్‌లో పుట్టి, ఆ పక్కనే ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తూ ఈ మాట అంటే మా వాళ్లెవరూ నమ్మరు. మా కాంపౌండ్‌లో మగపిల్లాడికి నడక వచ్చిందంటే కాలి ముందర బంతి ఉండాల్సిందే. నేను చేసుకున్న మనిషి కూడా కాంపౌండ్ జట్టుకు గోల్‌కీపరే. పెళ్లైన కొత్తలో ఆయన మోకాళ్లకు మందు రాయడంతోనే నా సంసారం మొదలైంది.

తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోలేదు కానీ నిదానమైంది. దానికి తోడు షుగరు. వారమంతా గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అన్నం తినమంటే తినడం, మాత్ర వేసుకోమంటే వేసుకోవడం, అంతే. శనివారం మాత్రం మధ్యాహ్నం నుంచే చొక్కా తొడగమని సతాయించేవాడు. మా క్వార్టర్స్ గేటు దాటితే గ్రౌండే. నా భుజం పట్టించి నడిపించుకుపోయి, హాస్టల్ వైపు గోల్‌పోస్టు వెనక కుర్చీ వేసి కూర్చోబెడితే, మ్యాచ్ అయ్యేదాకా మళ్లీ పాత మనిషైపోయేవాడు. గోల్‌కీపర్‌కు సలహాలు చెప్పేవాడు, రెఫరీని తిట్టేవాడు. డ్యూటీ దిగి కాళ్లు పీకుతున్నా ఆ కుర్చీ నేనే మోసేదాన్ని. వారానికి ఆ ఒక్క పూటే నా మొగుడు నాకు కనిపించేది.

అలాంటిది, ఆ ఏడాది మా జట్టు లీగ్‌లో అట్టడుగున పడింది. మా వైపు లీగ్‌లో రెండు డివిజన్లు. పై డివిజన్‌లో ఆఖరున నిలిచిన జట్టు కింది డివిజన్‌కు పోవాలి. పై డివిజన్ జట్లు సగం ఆటలు సొంత ఊళ్లోనే ఆడుకుంటాయి. కింది డివిజన్ ఆటలన్నీ కుప్పంలోనే. మదనపల్లె నుంచి కుప్పం అంటే పుంగనూరు, పలమనేరు దాటి అంత దూరం పోవాలి. ఆ కాలుతో ఆయన్ని బస్సు ఎక్కించడం నా వల్ల కాదు, నిజానికి ఎవరి వల్లా కాదు. జట్టు దిగిపోతే మా ఇంట్లో శనివారం కూడా గోడ వైపే తిరుగుతుంది. ఎవరు గెలిస్తే నాకేం, ఎవరు ఓడితే నాకేం. నా బాధల్లా ఆ కుర్చీ గురించే.

పాత కోచ్ చేతులెత్తేసి వెళ్లిపోతే, సీజను సగంలో కొత్తాయన వచ్చాడు. కుప్పం మనిషి. రైల్వే జట్టులో ఆడి రిటైరయ్యాడు. తెలుగులో సగం తమిళం కలిసిపోయేది. శుక్రవారం సాయంత్రం బస్సు దిగేవాడు, గెస్ట్ రూములో పడుకునేవాడు, ఆదివారం తిరిగి వెళ్లేవాడు. మొదటి శనివారమే నేరుగా మా ఆయన కుర్చీ దగ్గరికి వచ్చి, "నీకు ఏ పోస్టు వెనకాల కూర్సునేది బాగుంటాదప్పా?" అని అడిగాడు. కాన్పుల వార్డులో ఆడవాళ్లను పలకరించినంత మెల్లగా అడిగాడు. అప్పటినుంచి మా ఆయన ఆ మనిషి పక్షమే.

ఊళ్లో మిగతా వాళ్లెవరూ ఆయన పక్షం కాదు. ఆయన జట్టుకు నేర్పిన ఆట వేరు. బంతి దొరికితే ముందుకు బలంగా తన్నడమే మా వాళ్లకు తెలిసిన ఆట. ఈయనేమో వెనక్కి ఇవ్వమంటాడు, పక్కకు ఇవ్వమంటాడు, తొందరపడొద్దంటాడు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక సైకిల్ స్టాండు దగ్గర చేరి మా మగాళ్లు దీనిమీద గంటల తరబడి కొట్టుకునేవాళ్లు. బైబిళ్లు చంకలో పెట్టుకునే తిట్టుకునేవాళ్లు.

"ముందుకు పోవల్సిన బాలును ఎనక్కి తన్నేది యాడన్నా సూసినారా?" అనేవాడు రిటైరైన డ్రిల్లు మాస్టరు. "మా కాలంలో ఎనక్కి తంతే చెంప పగిలేది."

"కుప్పం మనిషిని తెచ్చినారు. మనల్ని కుప్పానికే తోడుకోని పోతాడు," అనేవాడు ఆసుపత్రి మందుల కౌంటరులో పనిచేసే ఆయన. జట్టు మీద అతనికంటే ప్రేమ ఉన్న మనిషి మా కాంపౌండ్‌లో లేడు. అందుకే అతని నోరు కూడా అందరికంటే పెద్దది.

ఆరాధనకని నేను తీసుకొచ్చిన మా ఆయన, కుర్చీలోంచి ఎడమ చెయ్యి ఎత్తి ఏదో చెప్పబోయేవాడు. ఆయన మాట నోట్లోంచి బయటికి వచ్చేలోపల వాళ్లు ఇంకో మాటకు పోయేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. ఇంటికి పోదాం పదమంటే వచ్చేవాడు కాదు.

పోనీ కొత్తాయన వచ్చాక జట్టు గెలిచిందా అంటే, గెలిచింది కొన్ని, ఓడింది కొన్ని. ఆఖరికి రెండు మ్యాచ్‌లు మిగిలాయి. ఒకటి పలమనేరు జట్టుతో మా గ్రౌండ్‌లో, రెండోది పుంగనూరులో. ఆ ముందు ఆదివారం ప్రకటనల వేళ మందుల కౌంటరు ఆయన లేచి నిలబడ్డాడు. వచ్చే శనివారం మ్యాచ్ కోసం కాంపౌండ్ అంతా ఉపవాస ప్రార్థన చేయాలన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను. ఉపవాసం సంగతి తర్వాత తెలిసినా పట్టించుకోలేదు. మా చర్చిలో పరీక్షలకు ఉపవాసం, ఆపరేషన్లకు ఉపవాసం, బదిలీలకు ఉపవాసం. ఫుట్‌బాల్‌కు ఉంటే తప్పేముంది అనుకున్నాను.

శనివారం నాకు పొద్దుటి షిఫ్టు. మా ఆయనకు సంగటి, పప్పు పళ్లెంలో పెట్టి మూతేసి వెళ్లాను. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆదరాబాదరాగా తిని, ఇంటికొచ్చి చూస్తే పళ్లెం ఖాళీగా ఉంది. సంతోషపడి, చొక్కా తొడిగి, కుర్చీ మోసుకుని బయల్దేరాను. గేటు దగ్గర పలమనేరు వాళ్ల వ్యాను ఆగి ఉంది. వాళ్లు గోడ నీడన కూర్చుని బిరియానీ పొట్లాలు విప్పుకుని తింటున్నారు. ఆ వాసన గ్రౌండంతా కొట్టింది. మా జట్టు కుర్రాళ్లు అటు చూడకుండా బూట్లు కట్టుకుంటున్నారు. సగం మంది తెల్లవారకముందే లేచి టమోటా మండీలో క్రేట్లు మోసి వచ్చినవాళ్లే.

మొదటి సగం మా వాళ్లు ఎంత బాగా ఆడారో నాకే అర్థమైంది. బంతి ఒకరి కాలి నుంచి ఒకరి కాలికి సూదిలో దారం ఎక్కించినట్టు పోయింది. ఒక గోల్ కూడా కొట్టారు. మా ఆయన ఎడమ చేత్తో తొడమీద చరుచుకుంటూ నవ్వాడు. రెండో సగం మొదలైన కాసేపటికి ఒక్కొక్కరే నీరసించిపోయారు. పరుగు నడకైంది, నడక నిలబడటమైంది. పలమనేరు వాళ్లు గోల్ కొట్టారు, మళ్లీ ఇంకోటి కొట్టారు. మా వాళ్లలో ఒకడు పిక్క పట్టేసి గోల్‌పోస్టు దగ్గరే పడిపోయాడు. నర్సును కదా, నన్నే పిలిచారు.

కాలు పట్టి సాగదీస్తూ, "ఏం తిన్నావప్పా పొద్దున?" అని అడిగాను.

"ఫాస్టింగ్ సిస్టర్," అన్నాడు.

తల ఎత్తి మిగతా వాళ్లను చూశాను. అందరి పెదాలూ ఎండిపోయి ఉన్నాయి. అందరిదీ అదే జవాబు. ఎవరింట్లోనూ పొయ్యి వెలగలేదు. జట్టులో చర్చికి రాని ఇద్దరు కూడా, అందరూ పస్తుంటే తామెట్లా తినేదని నీళ్లు తాగి వచ్చారట. నాకు ఏడవాలో తిట్టాలో తెలియలేదు. మ్యాచ్ అలాగే ఓడిపోయింది. ఇంటికి వచ్చేటప్పుడు మా ఆయన ముఖం పాలిపోయి ఉంది. ఓడిపోయారని బాధపడుతున్నాడనుకుని, కాస్త చక్కెర వేసి టీ ఇచ్చాను.

మర్నాడు సైకిల్ స్టాండు దగ్గర సంత జరిగినట్టే ఉంది. పుంగనూరు మ్యాచ్‌లో గెలిస్తేనే పై డివిజన్‌లో మిగులుతాం. కోచ్‌ను ఇప్పుడే పంపేయాలని అందరూ ఒక్క మాట మీదికి వచ్చారు. ఆ మనిషి బస్సుకు పోతూ, మా ఆయనకు చెప్పి పోదామని సంచీతో అక్కడికే వచ్చి నిలబడ్డాడు. ఆయన ఎదురుగానే మాట్లాడారు.

"గ్రౌండ్లో పిల్లోళ్లకు ఊపిరి సాలలేదు. ఇదేం ట్రైనింగు?" అన్నాడు డ్రిల్లు మాస్టరు. "పరుగులు పెట్టిచ్చింటే కదా దమ్ము వచ్చేది."

కోచ్ తల వంచుకున్నాడు. మా ఆయన ఎడమ చెయ్యి ఎత్తాడు. ఎవరూ చూడలేదు. ఆ చెయ్యి గాల్లో అట్లాగే ఉండిపోవడం చూసి నేను ఇక ఆగలేకపోయాను.

"ట్రైనింగు కాదు మాస్టరూ. పిల్లోళ్లు ముందురోజు రాత్రి తిన్నారు, మళ్లీ ఆట అయ్యేదాకా తినలేదు. టమోటా మోసొచ్చి, పస్తుతో పరిగెత్తినారు. మీ ఇంట్లో ఎద్దుకైనా మేత ఎయ్యకుండా కాడి కడతారా?"

మందుల కౌంటరు ఆయన ముఖం నల్లబడింది. "అంటే ప్రార్థన వల్ల ఓడినామంటావా సిస్టర్?" అన్నాడు.

"ప్రార్థనను నేనేమీ అనలేదు బ్రదర్. ప్రార్థన మనం చేసుకుంటాము, ఉపవాసం మనం ఉంటాము. ఆడేవాళ్లకు ముద్ద పెట్టల్ల. ఆ మాత్రం మనకు తట్టలేదు."

అప్పుడు కోచ్ నోరు విప్పాడు. "నాకు తెలీదమ్మా. శనివారం నాకు ఒక్కపొద్దు, వెంకటేశ్వర సామికి. రాత్రి దాకా నేను తినను. అందుకే శనివారం పూట ఎవుర్నీ తిన్నావా అని అడగను. అడిగితే నన్నూ రమ్మంటారు కదా."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు, మా ఆయనతో సహా. ఆయన నవ్వు ఒక పక్కకే వస్తుంది, అయినా అది నవ్వే. కోచ్‌ను పంపేసే మాట అక్కడితో ఆగింది. పుంగనూరు మ్యాచ్ రోజున మా వీధి ఆడవాళ్లు తెల్లవారేలోపే చిత్రాన్నం, కోడిగుడ్లు కట్టి వ్యానులో పెట్టారు. మందుల కౌంటరు ఆయన తన ఇంటి నుంచి అరటిపళ్ల గెల తెచ్చాడు. నా చేతిలో పెట్టి వెళ్లాడు.

మా ఆయన పోలేకపోయాడు. మందుల కౌంటరు ఆయన పుంగనూరు నుంచి ఫోనులో చెబుతుంటే, నేను ఫోను మా ఆయన చెవి దగ్గర పట్టుకుని కూర్చున్నాను. ఆఖరు నిమిషం దాకా మా వాళ్లు పరిగెత్తుతూనే ఉన్నారట. ఆట సమంగా ముగిసింది. ఆ సమం చాలలేదు. పలమనేరు మ్యాచ్ కూడా సమమై ఉంటే మిగిలిపోయేవాళ్లమని లెక్క అందరికీ వచ్చు. ఎవరూ పైకి అనలేదు. మా ఆయన ఫోను తీసేయమని సైగ చేసి, గోడ వైపు తిరిగాడు.

తర్వాత గ్రౌండ్‌లో గడ్డి పెరిగింది. శనివారాలు కుర్చీ వరండాలోనే ఉండేది. నాకు మోయాల్సిన బరువు తగ్గింది, అయినా సుఖం ఏమీ తెలియలేదు. కొత్త సీజను వచ్చింది. కోచ్ మానుకోలేదు, ఆటలన్నీ తన సొంత ఊరు కుప్పంలోనే కాబట్టి ఇంకా నయం అన్నాడట. మొదటి మ్యాచ్ రోజు నాకు మధ్యాహ్నం షిఫ్టు. పోయేముందు అన్నం కలిపి ముందర పెట్టాను. ఆయన పళ్లెం పక్కకు జరిపాడు.

"నాకొద్దు."

"యాల?"

"ఈ పొద్దు కుప్పంలో మనోళ్లు ఆడతాండారు గదా."

"వాళ్లు తినే ఆడతాండారు. అది తేలిపోయింది. నువ్వు తినకపోతే మాత్రలు ఎట్లా ఏసుకుంటావు?"

ఆయన కాసేపు మాట వెతుక్కున్నాడు. "గెలుస్తా వస్తే పైకొస్తారు. పైకొస్తే ఆట మళ్లీ ఈడికొస్తాది," అన్నాడు. ఇంకాసేపటికి, "పలమనేరు ఆట పొద్దు కూడా నేను తినలే. నువ్వు పెట్టిపోయింది కోళ్లకేసినా," అన్నాడు.

ఆ ఖాళీ పళ్లెం, పాలిపోయిన ముఖం, నేను ఇచ్చిన టీ అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. షుగరు మనిషి, సగం ఒళ్లు పనిచేయని మనిషి, ఆ ఎండలో కుర్చీలో పస్తు కూర్చున్నాడు. కుర్రాళ్లు తినలేదని అంత నోరు చేసుకున్నాను. ఇంట్లో మనిషి తినలేదని కనిపెట్టలేకపోయాను. ఆ రోజు గ్రౌండ్‌లో కడుపు నిండా తిన్నది పలమనేరు వాళ్లూ, నేనూ. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన మీద అరవడానికి నోరు తెరిచి, ఆ ఎడమ చెయ్యి పళ్లెం అంచు మీద గట్టిగా ఆనించి ఉండటం చూసి మానుకున్నాను. బతిమాలితే తినే రకం కాదు.

"సరే. నీ ఉపవాసం నాకియ్యి," అన్నాను. "నీకు బదులు నేనుంటా. నువ్వు తిను."

నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. "నీకు ఆట అంటే పడదు గదా," అన్నాడు.

"పడదు. తిను."

తిన్నాడు. ఒక్కో ముద్దకూ నిదానంగా, మెతుకు మిగలకుండా తిన్నాడు. మాత్రలు వేసి, పడుకోబెట్టి డ్యూటీకి వెళ్లాను. సాయంత్రం అయ్యేసరికి వార్డులో నాకు కళ్లు తిరగడం మొదలైంది. కుప్పం నుంచి ఇంకా ఫోను రాలేదు. తోటి నర్సు టీ, బన్ను తెచ్చి బల్ల మీద పెట్టి, ముఖం అట్లా ఉందేమని అడిగింది.

"ఫాస్టింగ్ సిస్టర్," అన్నాను.