ఏనుగుల లెక్కలో ఎలుకలు

జూలో ఆయన్ని అందరూ గజపతి అనేవారు. రాజ్యమూ కిరీటమూ లేవు. ఉన్నదల్లా పెద్దమ్మితో కలిపి మూడు ఆడ ఏనుగులూ, ఒక పొడుగాటి చీపురూ. ముప్ఫయ్యేళ్లు వాటి కొలువులో ఉండి ఆయన నడకా మాటా కూడా నిదానించాయి. భార్యది పక్క భవనంలో చిట్టెలుకల గది. ఆవిడ కాలు ఒక్కచోట నిలవదు.

"మీ పెద్దమ్మి ఒక్క బిడ్డను మోసేలోపు మా చిట్టెలుక మునిమనవరాలు కూడా మనవల్ని ఎత్తుతుందండీ," అనేది.

"అందుకే మావి అరవయ్యేళ్లు బతుకుతాయి. మీవి రెండేళ్లకే టపా కట్టేస్తాయి. ఆదరాబాదరా బతుకులు!"

వేరే జూ నుంచి కొన్నాళ్లకని తెచ్చిన మగ ఏనుగు పుణ్యమా అని పెద్దమ్మికి చూలు నిలిచింది. ఆ జూలో ఏనుగు ఈనడం అదే మొదలు. ఇరవై రెండు నెలల వ్యవహారం. ఇరవై ఒకటో నెలలో గజపతిగారి పదవీ విరమణ వచ్చిపడింది. చట్టానికి మనుషుల వయసే తెలుసు గాని ఏనుగుల నెలలు తెలియవు కదా! ఒక గోడగడియారం చేతిలో పెట్టి సాగనంపారు.

"గున్న మొహం చూడకుండానే పోతానేమోనే," అన్నాడాయన, అన్నం కెలుకుతూ.

మర్నాడే ఆవిడ డైరెక్టరుగారిని పట్టుకుని, ఎలుకల గదిలో ఆయనకు నెల్లాళ్ల తాత్కాలిక సహాయకుడి పని ఇప్పించింది.

"మగవి ఈ పెట్టెల్లో, ఆడవి ఆ పెట్టెల్లో. కడిగి ఎక్కడివక్కడ పెట్టాలి."

"ఏనుగుల్ని మేపినవాణ్ణి. ఎలుకల గురించి నాకు చెప్తావుటే?"

ఓ సాయంత్రం పెట్టెలు కడుగుతూ, ఆరేదాకా అన్నింటినీ ఒకే తొట్టెలో వేశాడు. అంతలో పెద్దమ్మి ఘీంకరించింది. పరుగెత్తాడు. దానికి గడ్డి చాలలేదు, అంతే. తిరిగొచ్చేసరికి గదికి తాళం. పొద్దున్నే వచ్చి విడదీసి, గుట్టుగా ఊరుకున్నాడు. ఒక్క రాత్రికి కొంపేం మునుగుతుంది?

మూడు వారాలకు మునిగింది. ఆడవాటి పెట్టెల్లో ఏది చూసినా చిక్కుడుగింజల్లాంటి గులాబీరంగు కూనలు!

"ఒక్క రాత్రేనే..." నసిగాడు.

"ఒక్క రాత్రి! మీ ఏనుగులకు అది పెళ్లిచూపులకే చాలదు. ఎలుకలకు అది పెళ్లీ, కాపురమూను!"

గడువు ముగిసే వేళకి పెద్దమ్మి ఇంకా ఈనలేదు. గజపతిగారు సంచీ సర్దుకుంటుంటే, ఆవిడ డైరెక్టరుగారి ముందు నిలబడింది.

"జనాభా పెరిగిందండీ. మనిషి కావాలి."

"పెంచినవాడికే పొడిగింపా అమ్మా?"

"మరి పెంచినవాడే కదండీ సాకాలి!"

డైరెక్టరుగారు నవ్వాపుకుంటూ సంతకం పెట్టారు.

ఆ తర్వాతి వారం, నడిమధ్యాహ్నం, పెద్దమ్మి ఈనింది. బొచ్చు తల గున్న లేచి, తన తొండం తనే తొక్కుకుని బోర్లా పడి, మళ్లీ లేచి, తల్లి వెనక్కాళ్ల మధ్య పాల కోసం వెతకసాగింది. కంచె ఇవతల ఎలుకల పెట్టెల ఊకపొట్టు అంటిన చేతులతోనే గజపతిగారు గంతులేస్తున్నారు.

"అక్కడ కాదు నాన్నా! ముందుకి రా, ముందు కాళ్ల దగ్గరికి... హాఁ, అదీ!"

గున్న నోటికి పాలు దొరికాయి.