ఇత్తడి ఎర్రబడక ముందే

నా చిన్నప్పుడు పెద్ద బతుకమ్మ పండుగకు మా అమ్మ తాంబాళం నేనే మెరిపిస్తానని మొండికేశాను. అది అమ్మ పుట్టింటి ఇత్తడి. చిలుము పట్టి నల్లగా ఉంది. తోమే ఓపిక నాకెక్కడిది? ఉప్పు వేసి చింతపండు పిసికిన నీళ్లలో ముంచేసి, గునుగు పూలకు పోయి, దాని సంగతే మరిచాను. మరునాడు తీసి చూస్తే నలుపు పోయింది, దాంతోపాటు పసుపూ పోయింది. తాంబాళం రాగిలాగా ఎర్రగా, చచ్చిన రంగులో ఉంది.

మా నాయనమ్మ కొట్టలేదు. ఇటుకపొడి నా చేతిలోనే పోసింది. "రుద్దు బిడ్డా. మరకను తిన్నంక పులుసు ఊకుంటదా? ఇత్తడిని తింటది. పక్కన కూసోని కండ్లతోని చూసుకోవాలె" అంది. చేతులు బొబ్బలెక్కేదాకా రుద్దితే సగం పసుపు తిరిగొచ్చింది.

మా ఆయన పోయాక, పట్నంలో కంప్యూటర్ కంపెనీలు లేస్తూ మొయినాబాద్ దిక్కు చేలన్నీ ప్లాట్లవుతున్న కాలంలో, చేవెళ్ల రోడ్డు మీద ఒక చిన్న కార్ఖానాలో చేరాను. కంప్యూటర్లకు పోయే ఇత్తడి ముక్కలు కడిగే పని. వారం చూసి ఉంచుకుంటామన్నారు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, సంపాదించేది నేనొక్కదాన్ని.

అక్కడ రెండు స్టీలు తొట్లు, వాటిలో చిలుము తీసే మందు కలిపిన వెచ్చటి నీళ్లు. స్విచ్ వేస్తే సన్నగా కీచుమంటూ నీళ్లు వణికేవి, టైము కాగానే మిషన్‌ గంట మోగేది. చెయ్యి లేదు, పీచు లేదు. బుట్టలో ముక్కలు దించితే సూది దూరని బొక్కల్లోంచి కూడా చిలుము పొగలాగా లేచి వచ్చేది. మన చెవికి అందని చప్పుడు నీళ్లలో బుడగలు పుట్టిస్తుందట, కంటికి ఆనని ఆ బుడగలు పగిలి మకిలిని లేపుతాయట. నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఎవరూ చూడకుండా దండం కూడా పెట్టాను.

నాలుగో రోజు మేస్త్రీ రెండు తొట్లలోనూ కొత్త మందు కలిపాడు. "గంట మోగేదాక బుట్ట ముట్టకు అక్కా. మిషన్‌కు నీకంటె ఎక్కువ తెలుసు" అని పోయాడు. గంటకు ఇంకా కొంచెం సేపు ఉందనగా, నా తొట్టిలో ముక్కల అంచున ఎరుపు తగిలింది. నాకు తెలిసిన ఎరుపే. ముట్టుకుంటే పని పోతుంది. ముట్టకుంటే ఇత్తడి పోతుంది. బుట్ట ఎత్తి మంచినీళ్లలో ముంచాను.

మేస్త్రీ ఉరికొచ్చాడు. "గంట మోగిందా? ఎవరు తియ్యమన్నరు నిన్ను?"

"గంటను అమ్ముకుంటమా అన్నా, ముక్కలను అమ్ముకుంటమా? జర చూడు."

అంతలో గంట మోగింది. పక్క తొట్టిలో బుట్ట పైకి తీశాడు. అన్నీ గులాబీ రంగు. నా బుట్టలోవి పసుపు. మందు ఘాటు ఎక్కువైందని అప్పుడు తెలిసింది అతనికి. చాలాసేపు ముక్కను తిప్పి తిప్పి చూశాడు.

"గిది యాడ నేర్చినవ్ అక్కా?"

"ఇంట్లనే. తాంబాళం కరాబ్ చేసుకొని."

మరునాటి నుంచి నన్ను వారం మనిషి అనలేదు.

ఆ తొట్టిని తలచుకుంటే ఇప్పటికీ అబ్బురమే. అమ్మ తర్వాత తాంబాళం నా దగ్గరికే వచ్చింది, అడుగున ఆ ఎరుపు అట్లాగే ఉంది. పండుగ ముందు చింతపండు పూసి, నాయనమ్మ చెప్పినట్టే పక్కన పీట వేసుకుని కూర్చుంటాను. ఎవరు పిలిచినా లేవను.