డబ్బా మీద పసుపు కుంకుమ

నల్గొండలో మా ఇంటి ముందరి గదే నా ఫోటో స్టూడియో. ఎవరి ఫోన్ వాళ్లకు స్టూడియో అయ్యాక పెళ్లిళ్లకు నన్ను పిలిచేవాళ్లు తగ్గిపోయారు. పాస్‌పోర్టు ఫోటోలతో రోజు గడుస్తోంది. నడుం నొప్పి, కళ్ల మంట ఎప్పుడూ ఉన్నవే. వీటికి తోడు మొన్న వానాకాలంలో నేను ఫోటోలు దాచుకునే డబ్బా చచ్చిపోయింది.

డబ్బా అంటే చిన్న ఇనుప పెట్టె. లోపల రెండు హార్డ్ డిస్కులు, వెనక ఒక ఫ్యాను. వైఫైకి కలిపి ఉంటుంది కాబట్టి ఇంట్లో ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా పాత ఫోటోలు తెరిచి చూడొచ్చు. ఒక డిస్కులో ఉన్నదే రెండోదాంట్లోనూ ఉంటుంది. ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందన్న ధీమాతో నేను వేరే ఎక్కడా కాపీ పెట్టుకోలేదు. రెండూ ఒకే పెట్టెలో ఒకే వేడికి ఉడుకుతున్నాయన్న ఆలోచన రాలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం నాకు మొదటినుంచీ అలవాటే.

అందులో ఉన్న పెళ్లి ఫోటోల కోసం నేను అంతగా బాధపడలేదు. ఎవరి ఆల్బమ్‌లు వాళ్ల ఇళ్లలో ఉన్నాయి. నాకు గుండె జారింది ఒకే ఒక్క ఫోటో కోసం.

కొన్నేళ్ల కింద మహబూబ్‌నగర్ దిక్కున ఒక ఊరు రిజర్వాయరు కింద మునగబోతుంటే, పరిహారం కాగితాలకు జతచేయడానికి ఇంటింటికీ ఫోటోలు తీయమని ఊరివాళ్లు నన్ను పిలిచారు. గోడలు, బావులు, పశువుల కొట్టాలు అన్నీ తీశాను. చివర్న ఒకామె నన్ను వాళ్ల చేను గట్టుకు తీసుకుపోయింది. తుమ్మచెట్టు కింద జానెడెత్తు మట్టి దిబ్బ, చుట్టూ పేర్చిన రాళ్లు. ఏడాదిన్నరకే పోయిన ఆమె బిడ్డను అక్కడ పూడ్చారు. దానికి పరిహారం రాదని ఆమెకు తెలుసు. "గిది గూడ తియ్యన్నా" అంది. తీశాను.

ఊరు ఖాళీ అయ్యాక ఆమె ఇంటివాళ్లు నల్గొండకు వచ్చి కిరాయి ఇంట్లో దిగారు. నేను ప్రింటు తీసి ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు. బిడ్డను పూడ్చిన బొంద ఫోటో ఇంట్లో ఉంటే మళ్లీ కడుపు పండదని వాళ్ల అత్త అంటుందట. ఫోన్‌కు పంపుతానంటే అదీ వద్దంది, ఫోన్ ఉండేది కూడా ఇంట్లోనే కదా. నీ దగ్గరే ఉండనీ అంది. అప్పటినుంచి ప్రతి అమావాస్యకు పొద్దున్నే వచ్చేది. కంప్యూటర్‌లో ఆ ఫోటో కాసేపు చూసేది. ఫోటో ఎందులో ఉంటుందని ఒకసారి అడిగితే డబ్బాను చూపించాను. ఆనాటి నుంచి దాని మీద పసుపు కుంకుమ చల్లి, ఊదుబత్తి తిప్పి వెళ్లేది. దసరాకు కెమెరాలతో పాటు దానికీ బొట్టు పెట్టేవాణ్ని కాబట్టి కాదనడానికి నాకు నోరు రాలేదు.

డబ్బా ఆగిపోయే నాటికి అమావాస్యకు ఇంకా నాలుగు రోజులున్నాయి. రిపేరు చేసేవాళ్లు ఆశ వదులుకోమన్నారు. ఇక నేనే విప్పడానికి కూర్చున్నాను.

ముందు గోడ దగ్గర వైరు పీకాను. లోపల మిగిలిన కరెంటు పోవాలని స్విచ్ ఒకసారి నొక్కి కాసేపు ఆగాను. మన ఒంట్లోని కరెంటు పిసరంత తగిలినా లోపలి సామాను పాడవుతుందని చదివాను. అందుకని చెప్పులు విడిచి, ఆ కరెంటు నేలలోకి దిగిపోయేలా పెరట్లో బోరింగు గొట్టాన్ని ముట్టుకుని వచ్చాను. గుడికి పోతున్నావా, డబ్బా విప్పుతున్నావా అని మా ఆవిడ నవ్వింది. నాకు నవ్వే ఓపిక లేదు. మరలన్నీ స్టీలు గిన్నెలో వేశాను. డిస్కులు తారుమారు కాకుండా వాటి మీద ఒకటి, రెండు అని రాసి, అప్పుడు బయటికి లాగాను.

ఫ్యాను చూసి అలాగే కూర్చుండిపోయాను. రెక్కల మధ్య ఎర్రటి ముద్ద. పసుపు, కుంకుమ, ఊదుబత్తి మసి, మా వీధి దుమ్ము కలిసి గట్టిపడి, ఫ్యాను ఎప్పుడో ఆగిపోయింది. ఆమె మీద కోపం రాలేదంటే అబద్ధం. నా మీద అంతకన్నా ఎక్కువ వచ్చింది. గాలి పీల్చే పెట్టె మీద పొడి చల్లుతుంటే చూస్తూ నిలబడింది నేనే.

నోటితో ఊదితే తడి చేరుతుందని, లెన్సులు తుడిచే బ్రష్షుతో గంటసేపు దులిపాను. కంప్యూటర్ల దుకాణంలో అదే కొలత ఫ్యాను దొరికితే తెచ్చి బిగించాను. కరెంటు ఇచ్చాక ఒక డిస్కు దగ్గర దీపం ఎర్రగానే ఉండిపోయింది. అది పోయినట్టే. రెండోది పచ్చగా వెలిగింది. కంప్యూటర్ తెర మీద తుమ్మచెట్టు కనబడేసరికి నాకు ఏడుపొచ్చింది. ఆ పూటే ఆ ఫోటోను ఇంకో రెండుచోట్ల కాపీ చేసి పెట్టాను.

అమావాస్య నాడు ఆమె వచ్చింది. ఈసారి గట్టిగా చెప్పాలనే ఉన్నాను. ఫోటో చూసి, పసుపు కుంకుమ కట్టుకొచ్చిన కొంగు ముడి విప్పబోతుంటే ఆపాను. జరిగిందంతా చెప్పి పాత ఫ్యాను చూపించాను. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని, ఆ ఎర్రటి ముద్దను వేలితో తడిమింది.

"ఊరు నీళ్లల్ల పాయె. ఇంట్ల మా అత్త పెట్టనియ్యదు. నువ్వు గూడ వద్దంటే పసుపు కుంకుమ యాడ పెట్టాలె అన్నా?"

డబ్బా ఆపి, వైరు పీకాను. ఫ్యాను తిరగడం ఆగేదాకా ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. ఆ తర్వాత ఉతికిన తువ్వాల ఒకటి తెచ్చి డబ్బా మీద కప్పాను.

"ఇగ పెట్టు చెల్లె" అన్నాను.