రొయ్యల చెరువు గట్టు మీద నేను గీసిన దారి

రొయ్యల చెరువులో ఈత నేర్చుకున్న మోటారు సైకిలు మచిలీపట్నం మొత్తానికి ఒక్కటే ఉంది. అది నాదే. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను, మొహమాటపడకుండా నవ్వండి.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. గుడివాడ నుంచి మా ఊరి పక్క గూడూరు మీదుగా దివిసీమ దాకా, వంతెనల దగ్గర తప్ప తారు రోడ్డు ఎక్కకుండా, మట్టి దారుల్లోనే బండ్లు నడిపే మార్గం తయారుచేస్తానని మా బైకుల బృందానికి మాటిచ్చాను. మూడు రోజులు మంచం దిగకుండా ఫోనులో శాటిలైట్ మ్యాపు మీద గీతలు గీశాను. కోడూరు దగ్గర నీలం గళ్ళ మధ్య తిన్నటి మట్టి దారులు కనబడేసరికి కొత్త ఖండం కనిపెట్టినంత సంబరపడ్డాను.

మా మెకానిక్ రవూఫ్ ఫోనులోకి తొంగి చూశాడు. "అవి చెరువు గట్లలా ఉన్నాయి బావా. ఒకసారి వెళ్ళి చూసి రారాదూ?"

"శాటిలైట్ అబద్ధం చెబుతుందా భాయ్?"

పాపం, అది నిజమే చెప్పింది. గట్టును రోడ్డని చదువుకున్నది నేను.

ఆదివారం పొద్దున నా వెనక తొమ్మిది బండ్లు బయల్దేరాయి. ముందురోజు వాన పడింది. కోడూరు దాటాక పోనుపోను గట్టు సన్నబడిపోతోంది.

"వెనక్కి తిప్పుదామా బావా?" రవూఫ్ అరిచాడు.

"తిప్పడానికి చోటేదీ? ముందుకే!"

అన్నానో లేదో, వెనక చక్రం తడి సబ్బుబిళ్ళలా జారింది. బండీ నేనూ జోడీగా చెరువులో పడ్డాం.

చెరువు యజమాని నాగమణి గారు షెడ్డులోంచి పరుగెత్తుకొచ్చారు. "ఎల్లుండే పట్టుబడి, రొయ్యలు పట్టి అమ్ముకునే రోజండీ! పెట్రోలు కారితే పంటంతా పోద్ది! అసలీ దారి గీసిందెవరు?"

తొమ్మిది వేళ్ళు నావైపు తిరిగాయి. మా బృందం ఏకగ్రీవంగా తీసుకున్న నిర్ణయం అదొక్కటే.

ఆవిడ పంట పోనివ్వకూడదనుకుని, నడుములోతు నీళ్ళలో పెట్రోలు ట్యాంకు మూతను రెండు చేతులా అదిమిపట్టి, "లాగండి!" అని అరిచాను. మావాళ్ళు బండికి కట్టిన తాడు రెండుసార్లు జారింది. మూడోసారికి బండి గట్టెక్కింది. చుక్క పెట్రోలు కారలేదు.

"క్షమించండమ్మా. ఈసారి ప్రతి గట్టూ నడిచి చూసి, రైతుల్ని అడిగే గీస్తాను," అన్నాను, బురద కారుతూ.

"ముందే అడిగితే కాలవ పక్క బాట చూపించేవాళ్ళం కదండీ!"

ఇంతలో రవూఫ్ బండి ఎత్తి సైలెన్సరులోంచి నీళ్ళు వంచాడు. నీళ్ళతోపాటు రెండు రొయ్యలు గెంతాయి.

నాగమణి గారు చెయ్యి చాపారు. "అవి మావేనండీ. ఇచ్చి వెళ్ళండి."

ఆ తర్వాత రెండు నెలలు కాలినడకన తిరిగి మార్గం పూర్తిచేశాను. ఇప్పుడు దాని మీద బండ్లు పొడిగానే నడుస్తున్నాయి. పాఠకుల సాక్షిగా ఇదే నా ప్రమాణం: నా కాలు తొక్కని నేల మీద నా వేలు గీత గీయదు, గీయదు, గీయదు!