వంతెన ముందు ఆగిపోయిన సైకిలు దారి

మా చింతాద్రిపేటలో కృష్ణస్వామిని ఇప్పటికీ ట్రాం డ్రైవరు అనే పిలుస్తారు. మద్రాసులో ట్రాములు నిలిచిపోయి మూడేళ్లయినా ఆ పేరు పోలేదు, ఆ బుద్ధీ పోలేదు. ఇరవై రెండేళ్లు పట్టాల మీద బండి నడిపిన మనిషి. ముందున్నది చూడడం తన పని, వెనక సంగతి కండక్టరుది. కండక్టరు ఒక గంట కొడితే ఆగాలి, రెండు కొడితే కదలాలి. తల తిప్పి వెనక్కి చూసేవాడు డ్రైవరే కాడని ఆయన సిద్ధాంతం.

ఆ కండక్టరు ఆరోగ్యసామి. ట్రాములు పోయాక ఇద్దరికీ మైలాపూరులో ఒక అచ్చాఫీసులో కాగితం కట్టలు మోసే పని దొరికింది. చెరొక పాత సైకిలు సంపాదించారు. పొద్దున్నే ముందు కృష్ణస్వామి, వెనక ఆరోగ్యసామి. సైకిలెక్కినా గంటల పద్ధతి మానలేదు. పక్కింటివాణ్ణి గనక నాకు రోజూ ఆ వేడుక చూడడమే పని.

"టికెట్టు కూడా కొడతావా, ఆరోగ్యం?" అని ఏడిపించేవాణ్ణి.

"నువ్వెక్కు సామీ, నీకు ఓసీనే, దుడ్లు అక్కర్లేదు," అని నవ్వేవాడు.

ఆ ఏడు ఏటి ఒడ్డు రోడ్డు పక్కన సైకిళ్లకని వేరే దారి వేశారు. నున్నటి దారి, రోడ్డుకూ దానికీ మధ్య రాతి గట్టు. లారీ రాదు, బస్సు రాదు. అంతా బాగానే ఉంది గాని, అది వంతెనకు ఇరవై గజాల ఇవతలే ఆగిపోయింది. బస్సులు వంతెన ఎక్కడానికి వేగం పెంచే చోటే సైకిళ్లు గట్టు దిగి వాటి ముందుకు రావాలి. ఆ దారి వేసినవాడు జన్మలో సైకిలెక్కి ఉండడు.

పేటవాళ్లకు అర్జీలు రాసిపెట్టేది నేనే. ఒళ్లు మండి మూడు రాశాను. దారి ఒక ఆఫీసుదట, వంతెన ఇంకో ఆఫీసుదట. వీళ్లు వాళ్ల దగ్గరికి పొమ్మన్నారు, వాళ్లు వీళ్ల దగ్గరికి. చివరికి పెద్ద ఆఫీసరు సరేనన్నా గుమాస్తా ఫైలు కదపలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా?

అందుకని ఆ ఇరవై గజాలూ వాళ్లు ట్రాం పద్ధతిలోనే దాటేవారు. దారి చివర కృష్ణస్వామి వేగం తగ్గిస్తాడు. ఆరోగ్యసామి వెనక్కి చూసి, బస్సు దగ్గర్లో లేకపోతే రెండు గంటలు కొడతాడు. ఈయన తల తిప్పకుండా రోడ్డెక్కుతాడు, ఆయన వెంట వస్తాడు. ముందువాడికి వెనకవాడు కాపలా. మరి వెనకవాడికి? ఇన్ని అర్జీలు రాసిన మేధావిని, నాకూ ఆ మాట తట్టలేదు.

తమిళుల ఆడి నెలలో ఒక ఉదయం ఆరోగ్యసామి గంట రెండుసార్లు మోగింది. బస్సు అప్పటికి దూరంగానే ఉందట, ఒక్క సైకిలు దాటేంత దూరం. కృష్ణస్వామి వంతెన ఎక్కి, దిగిపోయాడు. వెనక ఏదో గోల వినబడింది గాని, ఆగమని గంట పడలేదు గనక ఆగలేదు. దారిలో ఆరోగ్యసామితో రెండు మాటలు కూడా మాట్లాడాడు. జవాబు రాకపోతే అలిగాడనుకున్నాడు. అచ్చాఫీసు గేటు దగ్గర దిగి చూస్తే వెనక ఎవరూ లేరు.

ఆయన తిరిగి వంతెన దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మీది నెత్తురుపై ఇసుక చల్లేశారు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందని పేటలో ఎవడో అన్నాడు. వాణ్ణి కొట్టబోయి ఊరుకున్నాను. కొట్టాల్సింది.

సమాధి చేసిన మర్నాడు ఇద్దరం ఆరోగ్యసామి భార్య పొన్నుతాయి దగ్గరికి వెళ్లాం. గడపలో కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

"అన్నా, నువ్వు ఆడ లేవా?" అంది.

"లేదమ్మా. వంతెన దిగి పొయ్యినా," అన్నాడు కృష్ణస్వామి.

"తిరిగి చూళ్లేదా?"

"గంట ఇనబళ్లేదు తల్లీ. గంట లేకుండా నేను యాడా నిలిపింది లేదు."

పొన్నుతాయి తలెత్తి ఆయన వంక చూసింది.

"కొట్టేదానికి చెయ్యి యాడుందన్నా? కుడిచెయ్యి చక్రం కింద నలిగిపొయ్యింది. పోలీసాయన చెప్పినాడు. శానాసేపు పానంతోనే ఉన్నాడంట. ఆస్పత్రికి ఎత్తకపోతామంటే ఒప్పుకోలేదంట. మా డ్రైవరు ఇప్పుడొస్తాడు, ఆయనొచ్చినాకనే ఎత్తండి అన్నాడంట."

కృష్ణస్వామి ఆమె ముందు అలాగే నిలబడ్డాడు. కూర్చోమని ఆమె అనలేదు.