పోటీకి ఒక మనిషి కావాలి

2022 ఎండాకాలం. మిర్యాలగూడలో నా సైకిల్ రిపేరు దుకాణం ముందు ఒక ఆటో ఆగింది. చదువు నాకు ఏడో తరగతిలోనే పంక్చరైంది. పంక్చర్లు వెయ్యడం ఆ తర్వాత నేర్చుకున్నాను. చక్రమున్న ప్రతిదీ నా చేతుల మీదుగా పోయిందనుకునేవాణ్ణి. ఆ ఆటోలోంచి దించిన దాన్ని మాత్రం ఎన్నడూ చూడలేదు. ముందు ఒక చిన్న చక్రం, వెనుక రెండు పెద్దవి, మధ్యలో మోకాళ్లు ముడుచుకుని కూర్చునే బుట్ట.

"ఇదేంది చెల్లె, మిడత లెక్కుంది?" అన్నాను.

"రేసింగ్ కుర్చీ అన్నా. నవ్వుడయినంక చక్రం సూడు."

ఆమె పేరు సునీత, త్రిపురారం పక్క తండా. చిన్నప్పుడు ట్రాక్టర్ మీది నుంచి పడింది. ఛాతీ కింద నుంచి చలనం లేదు. సాగర్ కాలువ కట్ట మీద ఆ కుర్చీ ఉరికించి ఉరికించి చేతులు మాత్రం ఇనుమయ్యాయి. చక్రానికి ట్రూయింగ్ చేశాను, అంటే స్పోకులు బిగించి వంకర తీయడం. క్యాంబర్ చూసి తల గోక్కున్నాను. మలుపులో బోల్తా పడకుండా పెద్ద చక్రాల పైభాగాన్ని లోపలికి వాల్చి పెట్టడమే క్యాంబర్.

దివ్యాంగుల పోటీల రాష్ట్ర సెలెక్షన్‌కు పోయిన సునీత రేసు లేకుండానే తిరిగొచ్చింది. ఆడవాళ్లలో ఆమె ఒక్కతే వచ్చిందట. ఒక్కరితో రేసు పెట్టరు. రేసు లేనిదే టైము రాదు, టైము లేనిదే పై పోటీకి పిలవరు.

"ఎవరూ రాలేదంటే నువ్వే ఫస్టు గద?" అన్నాను.

"లాస్టు గూడ నేనేనన్నా."

దాంతో తనకు పోటీని తనే వెతకడం మొదలుపెట్టింది. సూర్యాపేటలో ఒక అమ్మాయిని అడిగితే తల్లి మీదపడ్డది: "కూసున్న పిల్లను రోడ్డు మీద ఉరికిస్తవా?" చివరికి కోదాడలో బట్టలు కుట్టే మేరీ దొరికింది. ఆమెకూ కాళ్లు ఆడవు.

"ఓడిపోటానికా అక్కా నేను రావటం?" అంది మేరీ.

"గెలిస్తే ఇంకా మంచిది. నా పక్కన మనిషుండాలె, గంతే."

మేరీ కోసం స్టీలు పైపులతో నేనే ఒక కుర్చీ కట్టాను. "కుర్చీ గాదన్నా, దున్నపోతు" అని సునీత వెక్కిరించింది. ఆదివారాలు సూర్యాపేట గ్రౌండులో ఇద్దరూ ఉరికేవాళ్లు. ఒకసారి ఆ దున్నపోతే ముందు గీత దాటింది. ఓడిపోయి అంత సంబరపడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

మరుసటి సెలెక్షన్‌కు కుర్చీల నట్లు బిగించే పానాలు పట్టుకుని నేనూ వెళ్లాను. రేసుకు ముందు క్లాసిఫికేషన్ ఉంటుంది. ఒంట్లో ఏ కండ ఎంత పనిచేస్తుందో డాక్టర్లు చూసి తరగతి రాస్తారు. సునీతకు పొట్ట కండలు పనిచేయవు, మేరీకి పనిచేస్తాయి. ఇద్దరినీ చెరో తరగతిలో వేశారు.

"అంటే రెండు రేసులా సారూ?" అని అక్కడి అధికారిని అడిగాను.

"ఒక్కటీ లేదు. ఒక్కో క్లాసులో ఒక్కరే ఉన్నారు."

"కలిపి ఉరికించున్రి!" అంది సునీత.

"ఆ టైము లెక్కలోకి రాదు."

తిరుగు వ్యాను కోదాడ దగ్గరపడింది. అప్పుడు మేరీ అంది: "నా పొట్ట గూడా పాడైపోతే సరిపోయేదా అక్కా?" సునీత ఆమె చేయి పట్టుకుంది.

కొన్నాళ్లకు సునీత రేసింగ్ కుర్చీని ఆటోలో వేసుకుని దుకాణానికి వచ్చింది.

"ఈ చక్రాలు ఇప్పి నా మామూలు కుర్చీకి పెట్టన్నా."

"పట్టవు చెల్లె. ఇవి ఉరుకుడుకే పనికొస్తయి."

"అయితే పాతసామానోనికి ఇచ్చెయ్."

ఆమె వెళ్లాక చక్రాన్ని ఒకసారి తిప్పాను. ఎక్కడా వణకలేదు. విరిగింది వస్తుంది, బాగుచేసి పంపుతాను. నా పని అంతేననుకునేవాణ్ణి. ఏదీ విరగకుండానే ఒక మనిషి ఆట ఖతం కావచ్చని ఆ రోజు తెలిసింది. బాగు చేద్దామంటే అందులో చెడిపోయిందేదీ నాకు దొరకలేదు.